తాతయ్య ఫొటోలో చొక్కా రంగు మార్చకండి

తొంభయ్యారేళ్ళు బతికిన మనిషి పోతే జనం మనల్ని సరిగ్గా ఏడవనివ్వరు. "పండు రాలింది, బాధపడేదేముందమ్మా" అంటారు. "మంచం పట్టలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు, అదృష్టవంతుడు" అంటారు. "మునిమనవల్ని కూడా ఎత్తుకున్నాడు, ఇంకేం కావాలి?" అని మనల్నే అడుగుతారు. 2023లో చెన్నై వెస్ట్ మాంబళంలో మా చిన్నతాతయ్య పోయినప్పుడు గుమ్మంలో చెప్పులు విడిచిన ప్రతివాళ్ళూ ఈ మూడింట్లో ఏదో ఒకటి అనే లోపలికి వచ్చారు. మంచి మనసుతోనే అన్నారు, కాదనను. కానీ ఆ ఓదార్పు నాకు అప్పుడూ గుచ్చుకుంది, ఇప్పుడూ గుచ్చుకుంటోంది.

ఎందుకంటే, ముప్పయ్యేళ్ళవాడు పోతే అందరూ అతని గురించి అడుగుతారు. ఏం చదివాడు, ఏం చేసేవాడు, ఎవరితో స్నేహం, ఏమంటే ఇష్టం, అన్నీ అడిగి తెలుసుకుని మరీ కన్నీళ్ళు పెట్టుకుంటారు. తొంభయ్యారేళ్ళవాడి గురించి ఎవరూ ఏమీ అడగరు. వయసు ఒక్కటి అడుగుతారు. అంకె చెప్పగానే తల ఊపి, కాఫీ తాగి వెళ్ళిపోతారు. ముప్పయ్యేళ్ళ బతుకుకి అన్ని ప్రశ్నలుంటే తొంభయ్యారేళ్ళ బతుకుకి మూడింతలు ఉండాలి కదా. ఉండవు. పైగా ఆ మనిషి మా చిన్నతాతయ్య లాంటివాడైతే, ఇంట్లోవాళ్ళే ఆ ప్రశ్నలు రాకుండా తలుపులు వేసేస్తారు.

పెద్దకర్మ కార్డు సంగతి చెప్తాను. కార్డు మీదకి ఫొటో కావాలంటే బాబాయి ఫోన్లోంచి ఒకటి తీసి ఇచ్చాడు. మునిమనవరాలి బారసాల నాటిది. వంకాయ రంగు సిల్కు చొక్కా, మెడలో చిలకాకుపచ్చ కండువా, నల్లగా రంగేసిన జుట్టు, నోట్లో తాంబూలం. కెమెరా వైపు కాకుండా పక్కన ఎవరినో చూసి నవ్వుతున్నాడు. చాలా బాగుంది. వీధి చివర స్టూడియో కుర్రాడు దాన్ని కంప్యూటర్లో పెట్టి పావుగంటలో తెల్లచొక్కా తొడిగాడు, జుట్టు నెరిపించాడు, నుదుట బొట్టు పెట్టాడు, కింది పెదవి మీద తాంబూలం ఎరుపు తుడిచేశాడు. కండువా ఉన్నచోట తెల్ల అంగవస్త్రం వచ్చింది. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. "ఇప్పుడు పెద్దాయనలా ఉన్నారక్కా" అన్నాడు ఆ అబ్బాయి సంతోషంగా.

కింద అక్షరాలు: "సౌమ్యులు, నిరాడంబరులు, ధర్మనిరతులు."

ఆయన సౌమ్యుడు కాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే వీధి వీధంతా తెలిసేది. నిరాడంబరుడు అసలే కాడు. తొంభయ్యేళ్ళు దాటాక కూడా పాలపాకెట్ తేవడానికి జవ్వాది రాసుకుని వెళ్ళేవాడు. ధర్మనిరతి విషయం ముందు ముందు చెప్తాను.

ఆయన 1927లో తెనాలి దగ్గర పుట్టాడు. 1946లో, పంతొమ్మిదేళ్ళప్పుడు, ఇంట్లో చెప్పకుండా మెయిలెక్కి మద్రాసులో దిగాడు. అందరూ వేషాలకోసం వస్తే తాను మాత్రం ఫిలిం వాసన కోసం వచ్చానని చెప్పుకునేవాడు. మొదట ఒక ఎడిటింగ్ గదిలో ఊడ్చిపెట్టే పని, తర్వాత రీళ్ళు చుట్టే పని, ఆ తర్వాత నెగెటివ్ కటింగ్. చివరిదాకా అదే వృత్తి. సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు ఎవరూ చదవనంత వేగంగా వెళ్ళిపోయే పేర్లలో ఆయనది ఉండేది, కొన్నిటిలో అదీ ఉండేది కాదు.

ఆ పనేమిటో ఈ కాలం పిల్లలకి తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఎడిటర్ మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీద కోసి అతికేది పాజిటివ్ ప్రింటుని. అది గీతలు పడినా చిరిగినా ఫరవాలేదు, ఇంకో ప్రింటు వేసుకోవచ్చు. ఎడిటింగ్ అంతా ఖాయమయ్యాక, దానికి సరిగ్గా సరిపోయేలా అసలు కెమెరా నెగెటివ్‌ని కోసేవాడు నెగెటివ్ కట్టర్. నెగెటివ్ అంచున అడుక్కొకటి చొప్పున సన్నటి నంబర్లుంటాయి. అడుగుకి 16 ఫ్రేములు. నంబరు చూసి, అక్కణ్ణించి ఫ్రేములు లెక్కపెట్టి, తెల్ల నూలు గ్లవుజులు వేసుకుని కత్తిరించాలి. అతికే చోట బ్లేడుతో పైపూత గీకి, ఫిలిం సిమెంటు రాసి, నొక్కి పట్టుకోవాలి. తప్పు కోస్తే అంతే, ఆ షాటు మళ్ళీ లేదు. వెయ్యడుగుల రీలు తెరమీద పదకొండు నిమిషాలు. అది సిద్ధం కావడానికి ఆయన రోజంతా వంగి కూర్చునేవాడు. తొలి రోజుల్లో నైట్రేట్ ఫిలిం, నిప్పురవ్వ తగిలితే భగ్గుమనేది, గదిలో బీడీ కూడా వెలిగించకూడదు. అందుకే తాంబూలం అలవాటయిందని ఆయన వాదన.

ఇంట్లో అంత గోల చేసే మనిషి ఆ బల్ల దగ్గర ఊపిరి కూడా మెల్లగా తీసేవాడట. చిన్నప్పుడు నాకు చూపించాడు, పాత ఫిలిం ముక్క ఒకటి తీసుకుని. వేళ్ళ మధ్య దాన్ని అంచులతో మాత్రమే పట్టుకుంటాడు, బొమ్మ ఉన్నచోట వేలు తగలనివ్వడు. కిటికీ వెలుతురుకి ఎత్తి, "ఇదిగో ఇక్కడ కన్ను మూసింది, ఇక్కడ తెరిచింది, మధ్యలో రెండు ఫ్రేములు, కనబడ్డాయా అమ్మాయ్?" అన్నాడు. నాకు కనబడలేదు. ఆయనకి కనబడింది, అప్పటికి డెబ్బై దాటినా.

ఆ కన్నే ఆయన్ని గిండీ గుర్రప్పందేలకి తీసుకెళ్ళింది. సెకనులో ఇరవైనాలుగో వంతుని పట్టుకోగలిగినవాడు గుర్రం కాలు ఎలా పడుతుందో పట్టుకోలేడా అని ఆయన ధీమా. జీతం రోజు పందేలుంటే ఇంటికి సైకిలు మాత్రమే వచ్చేది, జీతం వచ్చేది కాదు. గెలిచిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో పాండీ బజారు నించి అందరికీ బట్టలు, స్వీట్లు, మల్లెపూలు. మా నాన్న చిన్నప్పుడు వేసుకున్న మొదటి బూట్లు ఒక గుర్రం ఇచ్చినవేనని మా ఇంట్లో చెప్పుకుంటారు. 1974లో తమిళనాడు ప్రభుత్వం గుర్రప్పందేలను రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. రేస్ క్లబ్బు కోర్టుకెళ్ళింది. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యంతో కూడిన ఆట అని తీర్పు ఇచ్చింది. ఆ వార్త వచ్చిన పేపరు ముక్క తాతయ్య చాలా ఏళ్ళు పర్సులో పెట్టుకు తిరిగాడు. ఎవరైనా "ఇంకా ఆ జూదం మానలేదా" అంటే తీసి చూపించేవాడు. "జూదం కాదు నాయనా, విద్య. ఢిల్లీ జడ్జీలు చెప్పారు" అనేవాడు.

కార్డులో ఇవేవీ లేవు. ఉండకూడదనే బాబాయిల నిర్ణయం. "పోయినవాళ్ళ గురించి చెడ్డ చెప్పకూడదు, పిల్లలు చూస్తారు" అన్నారు. వాళ్ళమీద నాకు కోపం లేదు. ఆయన కొడుకులుగా పెరగడం ఎంత కష్టమో నాకంటే వాళ్ళకే తెలుసు. కానీ నేనిక్కడ గట్టిగా వాదించేది ఒకటుంది. ఆయన గుర్రాల్ని తుడిచేస్తే, ఆయన తప్పులు ఒక్కటే పోవు. చిన్నమామ్మ కూడా పోతుంది.

చిన్నమామ్మ పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారమంతా విడతలు విడతలుగా సేటు దుకాణానికి వెళ్ళింది. మెడలో పుస్తెలతాడు మాత్రం మిగిలింది. అప్పుడు ఆవిడ క్యారేజీలు మొదలుపెట్టింది. సినిమాల్లో ప్రయత్నాలకని ఆంధ్ర నించి వచ్చి కోడంబాక్కం గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండే కుర్రాళ్ళకి మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర, గోంగూర పచ్చడి, చారు, మజ్జిగ. పొద్దున నాలుగింటికి లేచి రెండు కుంపట్లమీద వండేది. డబ్బులున్నవాళ్ళు నెలకి ఇచ్చేవాళ్ళు, లేనివాళ్ళు వేషం దొరికాక ఇస్తామనేవాళ్ళు. వంటింటి గోడమీద సుద్దతో గీతలు పెట్టేది, మనిషికో వరస. వేషం దొరకకుండానే ఊరెళ్ళిపోయినవాళ్ళ వరసలు కూడా చాలాకాలం అలాగే ఉండేవి. ఆ గీతలమీదే ముగ్గురు పిల్లలు చదువుకున్నారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు హైదరాబాదులో, అమెరికాలో సొంతిళ్ళలో ఉన్నారు.

ఆవిడ ఆయనకంటే ముందే పోయింది. అప్పుడందరూ అన్న మాట "ముత్తయిదువగా వెళ్ళిపోయింది, పుణ్యాత్మురాలు". అంతే. నలభై ఏళ్ళు పొగలో నిలబడి ఇల్లు ఈడ్చిన మనిషికి దక్కిన మాట, మొగుడి కంటే ముందు పోయినందుకు మెప్పు! ఇప్పుడు ఆయన్ని "ధర్మనిరతుడు, కుటుంబాన్ని తీర్చిదిద్దినవాడు" అని అచ్చువేస్తే ఆవిడ చేసిందంతా ఆయన ఖాతాలో పడిపోతుంది. ఎవరి కష్టాన్ని ఎవరి పేర రాస్తున్నాం? పోయినవాడి పరువు కాపాడటం అంటే చాలాసార్లు ఆడవాళ్ళ లెక్కలు చెరిపెయ్యడమే అవుతుంది. ఈ మాట మా ఇంటి ఒక్కదాని గురించే అనడం లేదు.

మరి ఆయన గురించి నిజం చెప్తే ఆయన చిన్నవాడైపోతాడా? నాకలా అనిపించదు. తెలిసేకొద్దీ ఇష్టపడ్డాను. ఆయన ఈ రెండూను: మామ్మ బంగారం పోగొట్టినవాడు, మామ్మకి కీళ్ళు పట్టేశాక ఏడేళ్ళు తన చేత్తో జడ వేసి పూలు పెట్టినవాడు. నెగెటివ్ పట్టుకున్నట్టే దువ్వెన పట్టుకునేవాడు, అంచులతో. క్షమాపణ అడిగాడో లేదో నాకు తెలీదు. ఆవిడ ఆ జడతో వాకిట్లో కూర్చునేది, వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతూ.

ఆయన చెప్పే కథల సంగతి ఇంకో చిక్కు. ఆయన అబద్ధాలాడేవాడు అనను కానీ, ఒక కథ రెండుసార్లు ఒకేలా చెప్పడం ఆయనకి చేతకాదు. పొట్టి శ్రీరాములుగారు రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తిగారింట్లో 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి, 58 రోజుల తర్వాత డిసెంబరు 15 రాత్రి ప్రాణాలు విడిచారు. అది చరిత్ర. ఆ రాత్రి మా తాతయ్య ఎక్కడున్నాడన్నది మాత్రం మూడు రకాలుగా విన్నాను. ఆ ఇంటి ముందు జనంలో నిలబడ్డానని ఒకసారి. మర్నాడు ఊరేగింపులో కాసేపు పాడె మోశానని ఒకసారి. చీకటి గదిలో రీలు మీద ఉన్నానని, తెల్లారి బయటికి వస్తే రోడ్డుమీద మనుషుల మొహాలు చూసి తెలిసిందని ఇంకోసారి. మూడోది నిజమై ఉంటుందని నా నమ్మకం, ఎందుకంటే ఆ కథలో ఆయన గొప్పేమీ లేదు, పైగా అది చెప్పినప్పుడు ఆయన గొంతు తగ్గింది. అయినా మిగతా రెండూ నేను పారేయను. పాతికేళ్ళ కుర్రాడు అక్కడ ఉండాల్సింది, ఉండలేకపోయాడు, జీవితాంతం అక్కడ ఉన్నట్టు చెప్పుకున్నాడు. అది కూడా ఆయనకి జరిగిందే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలు. "మద్రాసు మనదే" అని గోడలమీద రాసినవాళ్ళు చాలామంది సర్దుకుని వెళ్ళారు. ఈయన వెళ్ళలేదు. 1970ల నించి సినిమాలు ఒక్కొక్కటిగా హైదరాబాదు తరలిపోతున్నప్పుడు కూడా వెళ్ళలేదు. పిలిచినవాళ్ళున్నారు. ఇక్కడ డబ్బు బాకీ పడిన నిర్మాతలు ఉన్నారు, వాళ్ళు ఎలాగూ ఇవ్వలేదు. ఎందుకు వెళ్ళలేదంటే, "అక్కడ సముద్రం లేదు" అనేవాడు. ఆయన బీచికి వెళ్ళగా నేనెప్పుడూ చూడలేదు. మామ్మ చెప్పిన కారణం వేరు. ఆయనకి ఇక్కడ తమిళంలో తిట్టుకునే స్నేహితులున్నారు, చావుకి వచ్చే ఇరుగుపొరుగు ఉన్నారు, ఈ వయసులో కొత్త ఊళ్ళో అవి దొరకవు అని. ఆవిడ చెప్పిందే సరైనదని తర్వాత రెండుసార్లు తేలింది.

మొదటిది 2015 డిసెంబరు వరదలప్పుడు. అడయారు నది పొంగి మా వీధిలోకి నడుంలోతు నీళ్ళొచ్చాయి. ఎనభై ఎనిమిదేళ్ళవాడిని ఎదురింటి ఆటో డ్రైవరూ అతని తమ్ముళ్ళూ కుర్చీతో సహా ఎత్తి మేడమీదికి చేర్చారు. గ్లవుజుల పెట్టె, పాత రేసు పుస్తకాలు, మామ్మ నల్లగళ్ళ చీరలూ కింద పెట్టెల్లో తడిసి ముద్దయ్యాయి. ఆయన కరెంటు లేని మూడు రోజులూ మేడమీద ఉన్న పిల్లలకి గుర్రాల కథలు చెప్పాడట, సగం తమిళంలో, సగం తెలుగులో.

రెండోది ఆయన చావు. ఇక్కడ తమిళ ఇళ్ళల్లో తొంభై దాటిన పెద్దలు పోతే పెళ్ళి చేసినట్టు పంపిస్తారు. పూలతో పాడె కడతారు, డప్పులు మోగిస్తారు, టపాకాయలు కాలుస్తారు, కుర్రాళ్ళు ముందు ఆడుతూ నడుస్తారు. ఎదురింటి ఆటో డ్రైవరు పొద్దున్నే వచ్చి, మేళం నేను మాట్లాడేశాను, డబ్బు మాట ఎత్తొద్దు అన్నాడు. బాబాయిలు ఒప్పుకోలేదు. మనలో అలవాటు లేదు, చుట్టాలు ఏమనుకుంటారు అన్నారు. గుమ్మంలో అరగంట టెన్షన్. చివరికి పురోహితుడే, "వీధి మలుపు దాటాక మోగించుకోనివ్వండి, శాస్త్రానికి వచ్చే నష్టమేం లేదు" అన్నాడు.

నాకు ముందు భయం వేసింది, ఈ డప్పులు కూడా "పండు రాలింది" లాంటి మాటేనేమో, ఏడవొద్దని చెప్పడమేనేమో అని. కాదు. మలుపు తిరిగి డప్పు మొదలవగానే, అప్పటిదాకా ఇంట్లో మర్యాదగా కళ్ళొత్తుకుంటున్న మా అత్తయ్య నడిరోడ్డుమీద బావురుమంది. ఆ చప్పుడులో ఎవరూ ఆమెని ఊరుకోబెట్టలేదు. ఆటో డ్రైవరు ఏడుస్తూనే చిందేశాడు. కన్నమ్మపేట శ్మశానం దాకా రోడ్డుపొడుగునా చామంతులు. బస్సు ఆపిన డ్రైవరు దండం పెట్టాడు. తొంభయ్యారేళ్ళ మనిషి వెళ్ళిపోతున్నాడని ఊరికి తెలిసింది. ఇంట్లో మేం దాన్ని దాచుకోబోయాం.

ఆడవాళ్ళు శ్మశానం దాకా వస్తారా అని కూడా ఒకరిద్దరు సణిగారు. మేం వెళ్ళాం.

ఆయన పోయిన మరుసటి ఏడాది, 2024 సెప్టెంబరులో, ప్రభుత్వం గిండీ రేస్‌కోర్సు లీజు రద్దు చేసి ఆ 160 ఎకరాలూ స్వాధీనం చేసుకుంది. ఊరికి పార్కు, చెరువులు రావడం మంచిదే, వరద చూసినవాళ్ళం కాదనలేం. తాతయ్య ఉంటే ఏమనేవాడో ఊహించడానికి చాలాసార్లు ప్రయత్నించాను. ఆ పేపరు ముక్క తీసేవాడనే అనుకుంటాను.

ఆయన తద్దినానికి అందరం మళ్ళీ కలిశాం. అమెరికా బాబాయి పిల్లలు కూడా వచ్చారు. గోడమీద తెల్లచొక్కా తాతయ్యకి దండ వేసి ఉంది. భోజనాలయ్యాక నేను అసలు ఫొటో ప్రింటు తీసి, వంకాయ రంగు చొక్కాది, పిల్లల చేతికిచ్చాను. "హూ ఈజ్ దిస్?" అన్నాడు చిన్నవాడు. గోడమీద ఉన్నాయనే అంటే నమ్మలేదు. అక్కణ్ణించి ప్రశ్నలు మొదలయ్యాయి. ఆ నల్ల జుట్టేంటి, నోట్లో ఏంటి, ఎవరిని చూసి నవ్వుతున్నాడు. నేను గుర్రాల సంగతి ఎత్తగానే పెద్దబాబాయి నావైపు చూశాడు. ఆపమంటాడేమో అనుకున్నాను. ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"నేను చెప్తా ఆగు" అన్నాడు. ఆయనకి పదేళ్ళప్పుడు, గిండీలో పాముల పార్కు కొత్తగా పెట్టారట. ఆదివారం కొడుక్కి పాములు చూపించుకొస్తానని మామ్మ దగ్గర డబ్బులు తీసుకుని తాతయ్య బయల్దేరాడు. పాముల పార్కు గేటు దాటించి నేరుగా రేసుకి తీసుకెళ్ళాడు. వేరుశనగలు కొనిపెట్టి, భుజాలమీద ఎక్కించుకుని అన్ని పందేలూ చూపించాడు. వచ్చేటప్పుడు దారంతా పాఠం చెప్పాడట, ఇంటికెళ్ళాక పాములనే చెప్పాలి, మర్చిపోకు అని.

మామ్మ క్యారేజీలు కడుగుతూ అడిగింది, "ఎన్ని పాములు చూశావురా?"

"ఏడు" అన్నాడట బాబాయి. "ఐదో నంబరుది గెలిచింది."